లోడు మీద లాగని బండి, మళ్లీ మళ్లీ షెడ్డుకొస్తుంటే

ప్రశ్న: నాలుగేళ్లు హెల్పర్‌గా చేసి, ఏడాదిగా డీజిల్ లారీల పని సొంతంగా చూస్తున్నాను. ఆరు సిలిండర్ల కామన్ రైల్ బండి ఒకటి ‘లోడు మీద ఎత్తు ఎక్కట్లేదు’ అని వచ్చింది. స్కానర్‌లో రైల్ ప్రెషర్ తక్కువ అని కోడ్ చూపించింది. ముందు టర్బో మార్చాను, తర్వాత ఆరు ఇంజెక్టర్లూ మార్చాను. ఖాళీగా బాగానే పోతుంది, లోడెక్కితే మళ్లీ అదే. ఓనరు డబ్బులివ్వనంటున్నాడు. పైగా నాకు నడుం నొప్పి, చెవుల్లో హోరు మొదలయ్యాయి. ఇంట్లోవాళ్లు ఈ పని మానెయ్యమంటున్నారు. నేను ఎక్కడ తప్పుతున్నాను? పెద్ద స్కానర్ కొంటే దారికొస్తుందా? ఈ పనిలో నిలబడగలనా?

సమాధానం: మీ ఉత్తరంలో మార్చిన సామాను ఉంది గానీ కొలత ఒక్కటీ లేదు. పొగ వస్తోందా, వస్తే ఏ రంగు అన్నదీ లేదు. మీరు తప్పుతున్నది అక్కడే. ఇది మీ ఒక్కరి లోపం కాదు. సామాను విప్పడం, బిగించడం చూపించినంత ఓపిగ్గా కొలవడం ఎవరూ చూపించని షెడ్లే ఎక్కువ. మీ నడుం నొప్పికి కూడా దీనితో సంబంధం ఉంది, ఆ సంగతి తర్వాత చెబుతాం. ముందు బండి చూద్దాం.

కోడ్ ఏ సామాను పాడైందో చెప్పదు. ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీఎం, ఇంత ప్రెషర్ కావాలని అడిగింది. ఇంజెక్టర్లన్నిటికీ ప్రెషర్‌తో డీజిల్ పంచే గొట్టమే రైలు, దాని మీది సెన్సార్ అంతకంటే తక్కువ ఉందని చెప్పింది. ఆ కోడ్‌లో ఉన్న సమాచారం అంతే. ట్యాంకు మూత దగ్గర గాలి రంధ్రం మూసుకున్నా అదే కోడ్ వస్తుంది. ట్యాంకులో పీల్చే పైపు పగిలినా, ఫిల్టర్ మూసుకున్నా, డీజిల్ పీల్చే సక్షన్ హోసు లోపలి పొర ఊడినా, ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు అరిగినా, హై ప్రెషర్ పంపులోకి డీజిల్ ఎంత పోవాలో చూసే మీటరింగ్ వాల్వ్ ఇరుక్కున్నా, రైలులో ప్రెషర్ మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ కారుతున్నా, ఇంజెక్టర్ కారుతున్నా అదే వస్తుంది. చివరికి సెన్సార్ కనెక్టర్‌లో పిన్ను వదులైనా అదే. ఈ వరుసలో ఇంజెక్టర్ ఒకటి మాత్రమే, అదీ ఖరీదైన వాటిలో ఒకటి. చవకైన వాటిని వదిలేసి, గాలి నెట్టే టర్బో, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల లాంటి ఖరీదైనవాటితో మొదలుపెట్టారు.

స్కానర్ తగిలించేముందు డ్రైవరుతో పది నిమిషాలు కూర్చోండి. ఎప్పటినుంచి ఇలా ఉంది? దానికి ముందు ఏ పని జరిగింది? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగుండి సగానికి పడ్డాక తగ్గుతోందా? బయల్దేరిన గంటకు మొదలై, ఆపి కాసేపాగితే సర్దుకుంటోందా? ఒక్కసారిగా పోతుందా, మెల్లగా తగ్గుతుందా? సగం ట్యాంకు దగ్గర తగ్గుతోందంటే పీల్చే పైపు పగులు మీద అనుమానం పెట్టుకోవచ్చు. గంటకు మొదలై ఆపితే సర్దుకుంటోందంటే ట్యాంకు బ్రీదర్, అంటే మూత దగ్గరి ఆ గాలి రంధ్రం, మూసుకుని లోపల వ్యాక్యూమ్ పడుతుండవచ్చు. అలా తగ్గిన సమయంలోనే మూత వదులు చేస్తే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, బండి తేరుకుంటుంది. ఈ పరీక్షకు ఒక్క పానా కూడా అక్కర్లేదు.

తర్వాత చూడాల్సింది, లోపం నిజంగా ఇంజన్‌లోనే ఉందా అని. ఆర్‌పీఎం ఎక్కుతూ స్పీడు ఎక్కకపోతే అది క్లచ్. కాసేపు నడిపి ఆపి ప్రతి చక్రం డ్రమ్ము దగ్గర వేడి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది, ఇంజన్ దానితో పోరాడుతోంది. ఎగ్జాస్ట్ బ్రేకు రెక్క పూర్తిగా తెరుచుకోకుండా సగంలో ఇరుక్కోవడం లారీల్లో చాలా మామూలు, దాని లివర్‌ను చేత్తో కదిపి చూడాలి. ఫ్యాన్ క్లచ్ ఎప్పుడూ పట్టుకునే ఉంటే ఆ ఫ్యానే పదుల హార్స్‌పవర్ తింటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే స్కానర్‌లో 100 శాతం చూపించాలి. పెడల్ కింద మ్యాట్ మడతపడి 80 దగ్గరే ఆగినా డ్రైవరుకు తెలియదు. ఈసీఎం తనంతట తానే పవర్ తగ్గించిందేమో కూడా చూడండి. కూలెంట్ వేడెక్కినా, పొగను శుభ్రం చేసే యూరియా వ్యవస్థలో లోపం ఉన్నా, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ నిండినా కొత్త బండ్లు అలాగే చేస్తాయి. ఇవన్నీ చూడ్డానికి గంట చాలు.

ఇక పొగ. లోడు మీద నల్ల పొగ కక్కుతుంటే డీజిల్ పడుతోంది, గాలి చాలడం లేదు. అప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టిన గాలిని చల్లబరిచేది) హోసులు, టర్బో, ఎగ్జాస్ట్ వైపు వెళ్లాలి. పొగ లేకుండా ఊరికే నీరసించిపోతుంటే డీజిల్ అందడం లేదు, లేదా ఈసీఎం కోత పెట్టింది. డీపీఎఫ్ ఉన్న బండిలో మాత్రం ఈ గుర్తు నమ్మకూడదు, మసి మొత్తం లోపలే ఆగిపోతుంది కాబట్టి. అక్కడ పొగకు బదులు మసి ఎంత తొందరగా నిండుతోందో స్కానర్‌లో చూడాలి. రీజెనరేషన్ (పట్టిన మసిని కాల్చేయడం) అయిన కొద్దిరోజులకే మళ్లీ అడుగుతుంటే పైన ఎక్కడో గాలికీ డీజిల్‌కీ లెక్క తప్పింది. ఫిల్టర్‌ను ఎన్నిసార్లు కాల్చినా ఆ లోపం తీరదు.

మీ బండికి ఉన్న గుర్తులు రెండు: ఖాళీగా బాగుంది, లోడు మీద రైల్ ప్రెషర్ పడుతోంది. ఈ రెండూ కలిస్తే ముందు చూడాల్సింది ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారి. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 200 కిలోవాట్ల ఇంజన్ పూర్తి పవర్ మీద గంటకు సుమారు 45 నుంచి 50 లీటర్ల డీజిల్ కాలుస్తుంది. ఐడిల్‌లో అదే ఇంజన్‌కు 2, 3 లీటర్లు చాలు. సగం మూసుకున్న ఫిల్టర్ 3 లీటర్లను హాయిగా వదులుతుంది, 50 లీటర్లను వదల్లేదు. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేసి ‘బాగానే ఉంది’ అనుకోవడం ఇందుకే మోసం చేస్తుంది. లోడు లేకుండా ఎంత రేజ్ చేసినా ఇంజన్ అంత డీజిల్ అడగదు. పరీక్ష లోడు బండితోనే, ఎత్తు మీదే, డ్రైవరు నడుపుతుండగా మీరు పక్క సీట్లో కూర్చుని చేయాలి.

లిఫ్ట్ పంపుకు డీజిల్ వచ్చేచోట వ్యాక్యూమ్ గేజ్ పెట్టండి. పొడవైన హోసుతో క్యాబిన్‌లోకి తెచ్చుకుని లోడు మీద రీడింగ్ రాసుకోండి. పరిమితి ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది, చాలా ఇంజన్లకు అది 0.2 నుంచి 0.35 బార్ మధ్యలో ఉంటుంది. అంతకు మించి లాగుతుంటే దారిలో అడ్డు ఉంది. అప్పుడు గేజ్‌ను ఒక్కో మెట్టు ట్యాంకు వైపు జరపండి. ఫిల్టర్‌కు ముందు పెడితే రీడింగ్ ఒక్కసారిగా తగ్గిందా, అడ్డు ఫిల్టరే. తగ్గలేదా, ఇంకా వెనకే ఉంది. పాత రబ్బరు హోసుల్లో లోపలి పొర ఊడి, పీల్పు పెరిగినప్పుడు రెక్కలా మూసుకుంటుంది. బయటినుంచి చూస్తే హోసు కొత్తదానిలా ఉంటుంది. విప్పి గాలి ఊదినా తెలియదు, ఎటునుంచి ఊదుతారన్నదాన్ని బట్టి ఆ రెక్క తెరుచుకుంటుంది కాబట్టి. అనుమానం వస్తే మార్చేయడమే మేలు.

వ్యాక్యూమ్ తక్కువగా ఉండి కూడా ప్రెషర్ పడుతుంటే దారిలోకి గాలి దూరుతుండవచ్చు. ఇక్కడ చాలామంది డీజిల్ కారిన మరక కోసం వెతుకుతారు. సక్షన్ వైపు లోపం ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అంతా పొడిగానే కనిపిస్తుంది. పంపుకు ముందు ఒక అడుగు పారదర్శక గొట్టం వేసి చూడండి. ఫిల్టర్ మార్చిన తర్వాత మొదటి కొద్దిసేపు బుడగలు రావడం సహజం. ఆ తర్వాత కూడా ఆగకుండా వస్తుంటే ప్రీ ఫిల్టర్ గిన్నె ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు), చేత్తో డీజిల్ ఎక్కించే ప్రైమింగ్ పంపు, బాంజో బోల్టు (డీజిల్ పోయే రంధ్రం ఉన్న బోల్టు) వాషర్లు, ట్యాంకులోని పైపు, ఈ వరుసలో చూడండి. ఓ-రింగును పొడిగా బిగిస్తే మెలిపడి చిరుగుతుంది, కాస్త శుభ్రమైన డీజిల్ రాసి వేయాలి.

అన్నిటికంటే సూటి పరీక్ష ఇంకొకటుంది. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ఛాసిస్‌కు కదలకుండా కట్టి, ఎగ్జాస్ట్ వేడికి దూరంగా ఉంచి, కొత్త హోసులతో సప్లై, రిటర్న్ రెండూ దానికే కలపండి. బండి ట్యాంకునూ లైన్లనూ ప్రీ ఫిల్టర్‌నూ దాటేశారు. ఇప్పుడు కొద్ది దూరం లోడు మీద లాగితే మీ ఇంజెక్టర్లకూ పంపుకూ ఏ దోషం లేదు, తప్పు వెనక, ట్యాంకు వైపు ఉంది. లాగకపోతే ముందు, ఇంజన్ వైపు ఉంది. అనుమానం ఒక్క దెబ్బతో సగమైపోతుంది.

తప్పు ముందుంది అని తేలితే హై ప్రెషర్ వైపు. ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఐడిల్‌లోనే రైలులో కొన్ని వందల బార్ ఉంటుంది, పూర్తి లోడులో 1600 నుంచి 2000 బార్, కొన్ని ఇంజన్లలో అంతకు మించి. పాత పంపు బండ్లలో చేసినట్టు ఇంజన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసి సిలిండర్ కొడుతోందా లేదా చూడటం ఇందులో కుదరదు. ఆ సన్నటి ధార చేతి తొడుగును, చర్మాన్ని చీల్చి లోపలికి డీజిల్ ఎక్కిస్తుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, లోపల కండ చచ్చిపోతుంటుంది. అలా జరిగితే గంటలు గడవనివ్వకుండా ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్లి ‘హై ప్రెషర్ డీజిల్ లోపలికి ఎక్కింది’ అని ఆ మాటల్లోనే చెప్పాలి. కట్టు కట్టించుకుని ఇంటికి పోతే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. లీకేజీ కోసం చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఇంజన్ ఆపాక ప్రెషర్ దిగడానికి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే పానా వేయండి.

స్కానర్‌లో అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ రెండూ పక్కపక్కన పెట్టి లోడు మీద రికార్డు చేయండి. తర్వాత రిటర్న్ పరీక్ష. ఇంజెక్టర్లకు విడివిడి రిటర్న్ పైపులుంటే ఒక్కోదాన్ని ఒక్కో సీసాలోకి వదిలి, ఒకే సమయం పాటు నడిపి, పోల్చండి. మిగతావాటికి ఎన్నో రెట్లు వచ్చినది దోషి. చాలా లారీ ఇంజన్లలో రిటర్న్ హెడ్డు లోపలినుంచే పోతుంది, విడి పైపులుండవు. అక్కడ రైలు మీద ఒక్కో అవుట్‌లెట్‌కు బ్లాంక్ క్యాప్ పెట్టి, దేన్ని మూసినప్పుడు ప్రెషర్ నిలబడుతోందో, రిటర్న్ తగ్గుతోందో చూడాలి. రైలు రిలీఫ్ వాల్వ్ నుంచి వెళ్లే రిటర్న్ పైపు విప్పి చూస్తే మామూలుగా దాదాపు ఏమీ రాకూడదు. ఆగకుండా వస్తోందంటే ఆ వాల్వే కారుతోంది. ఒకసారి గట్టిగా తెరుచుకున్న వాల్వ్ మళ్లీ సరిగా కూర్చోకపోవడం కద్దు.

ఇప్పటికే ఆరు ఇంజెక్టర్లూ మార్చారు కాబట్టి మీ బిగింపును కూడా అనుమానించక తప్పదు. పాత రాగి వాషర్ హెడ్డు గుంతలోనే అతుక్కుని ఉండిపోయి, దానిమీద కొత్త వాషర్‌తో ఇంజెక్టర్ దిగిందా? అలాగైతే ముక్కు పైకి లేస్తుంది, స్ప్రే పిస్టన్ గిన్నెలో పడాల్సినచోట పడదు. పక్కనుంచి కనెక్టర్ ట్యూబు వచ్చే ఇంజన్ అయితే ఇంజెక్టర్ కూర్చోబెట్టడం, ట్యూబు బిగించడం, క్లాంపుకు చివరి టార్క్ (కొలిచిన బిగింపు) ఇవ్వడం మాన్యువల్ చెప్పిన వరుసలోనే జరగాలి. వరుస మారితే ట్యూబు మొన ఇంజెక్టర్ గుంతలో సరిగా కూర్చోదు, అక్కడ కారిన డీజిల్ హెడ్డులోంచి రిటర్న్‌లోకి పోతుంది, బయటికి చుక్క కనిపించదు, ప్రెషర్ పడిపోతుంది. ఇంజెక్టర్ మీద కోడ్ ఉండే రకమైతే, ఏ సిలిండర్‌లో ఏది వేశారో చూసి ఆ కోడ్ ఈసీఎంలోకి ఎక్కించాలి. అది మరిస్తే ఇంజన్ వణుకుతుంది, పొగ కక్కుతుంది.

పాత ఫిల్టర్ పారేయకపోతే దాన్ని కోసి, మడతలు తెల్లటి గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. నలుపు, జిగురు అయితే మురికి డీజిల్. వెండి పొడిలా మెరిసే రేణువులు కనిపిస్తే పంపు లోపల తనను తానే అరగదీసుకుంటోంది. అప్పుడు పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు. ట్యాంకు కడిగి, లైన్లు, రైలు, ఇంజెక్టర్లు అన్నీ చూడాలి, లేకపోతే మీరు వేసిన కొత్త ఇంజెక్టర్లను ఆ పొడి కొద్దిరోజుల్లోనే తినేస్తుంది. ఇంజెక్టర్ లోపల సందులు కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). పైపు విప్పిన క్షణంలోనే రెండు చివరలకూ శుభ్రమైన క్యాపులు పెట్టాలి, గుడ్డ పీలికలు కుక్కకూడదు. విప్పకముందే చుట్టుపక్కల కడిగి ఆరబెట్టాలి.

గాలి వైపు సంగతి తక్కువలో చెబుతాం, మీ కోడ్ అటు చూపించడం లేదు కాబట్టి. ఇంటర్‌కూలర్‌ను రెండు చివరలా మూసి సుమారు 2 బార్ గాలి పెట్టి ఆపితే, 15 సెకన్లలో 0.35 బార్ కంటే ఎక్కువ పడకూడదు అన్నది చాలామంది తయారీదారులు పాటించే లెక్క. మూతలకు గొలుసు కట్టకుండా ఈ పరీక్ష చేయొద్దు, ఊడితే తూటాలా వస్తాయి. టర్బో అయితే మార్చారు, పాతది ఎందుకు పోయిందో చూశారా? టర్బోలు ఎక్కువగా ఆయిల్ అందకో, మురికి ఆయిల్ వల్లో, రిటర్న్ గొట్టం మూసుకునో పోతాయి. ఆయిల్ వచ్చే పైపులో బొగ్గు పట్టి ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. పాత టర్బో రెక్కలు విరిగి ఉంటే ఆ ముక్కలు ఇంటర్‌కూలర్‌లో ఉన్నాయేమో చూడాలి. కొత్తది బిగించాక ఆయిల్ పోసి చేత్తో తిప్పి, డీజిల్ లేకుండా సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయాలి.

వైరింగ్‌కు భయపడేవాళ్లకు మల్టీమీటరే మంచి ఆసరా. బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపి డయాగ్నొస్టిక్ సాకెట్‌లో క్యాన్ తీగల (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే జత) రెండిటి మధ్య ఓమ్‌లు చూడండి, 60 దగ్గర రావాలి. రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు పక్కపక్కన ఉన్నట్టు పనిచేస్తాయి కనుక. 120 వస్తే ఒక రెసిస్టరో, తీగో తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు తీగలూ తగులుకున్నాయి. లోడు మోసే తీగను వోల్టుమీటరుతో మాత్రమే చూసి బాగుందనకండి. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటరుకు 24 వోల్టులు చూపిస్తుంది. 24 వోల్టుల 21 వాట్ల బల్బు తగిలించి అప్పుడు కొలిస్తే నిజం బయటపడుతుంది. సెన్సార్ తీగలకు, ఈసీఎం నుంచి వచ్చే తీగలకు మాత్రం బల్బు పెట్టకూడదు, ఈసీఎం కాలిపోతుంది.

ఇక ఓనరు విషయం. ఆయన కోపంలో న్యాయం ఉంది, కానీ దారి మూసుకుపోలేదు. పరీక్షల వరుస కాగితం మీద రాసిచ్చి, ఈసారి కొలత చూపించకుండా ఏ సామానూ మార్చనని చెప్పండి. ఇకమీదట ప్రతి బండికీ జాబ్ కార్డు పెట్టండి: డ్రైవరు చెప్పిన మాట అతని మాటల్లోనే, మీరు చేసిన కొలతలు, దొరికిన కారణం, చేసిన పని, పని తర్వాత మళ్లీ కొలత. ఒకసారికి ఒక్క సామానే మార్చి పరీక్షించండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో మీకే తెలియదు. తీసిన సామాను చీటీ కట్టి, బండి వారం తిరిగేదాకా ఉంచండి. పరీక్షకు కూలి విడిగా ముందే మాట్లాడుకోండి. సామాను అమ్మితేనే డబ్బు అనే పద్ధతిలో ఉన్నంతకాలం కొలవడానికి ఓపిక ఉండదు.

నడుం నొప్పికీ దీనికీ సంబంధం ఉందన్నాం. టర్బో ఒకసారి, ఇంజెక్టర్లు ఒకసారి, మళ్లీ వస్తే ఇంకొకటి. అక్కర్లేని పనికి ఒంగిన ప్రతి గంటా ఆ నడుమే మోసింది. లారీ చక్రం టైరుతో కలిపి దగ్గరదగ్గర 100 కిలోలు, గేర్‌బాక్సు 250 నుంచి 350 కిలోలు. చక్రాన్ని ఎత్తకూడదు. జాకీని టైరు నేలను తాకీ తాకనట్టు దించి, కడ్డీతో కొద్దికొద్దిగా సర్ది స్టడ్డుల మీదికి జరపాలి, చక్రాల ట్రాలీ ఉంటే ఇంకా మంచిది. గేర్‌బాక్సుకు ట్రాన్స్‌మిషన్ జాకీ తప్ప మరో మార్గం లేదు, ఇద్దరు మనుషులు గుండెల మీద పెట్టుకుని దించడం ధైర్యం కాదు. నొప్పి కాలులోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా బెల్టు కట్టుకుని పనిలోకి దిగకండి, డాక్టరుకు చూపించుకోండి.

చెవుల్లో హోరు చెవి దెబ్బతింటోందని చెప్పే తొలి గుర్తు కావచ్చు. రోజుకు 8 గంటల పనికి 85 డెసిబెల్స్ హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే మిగులుతుంది. నట్లు విప్పే ఎయిర్ గన్ను ఆ 100ను సులువుగా దాటుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. ఈ వారంలోనే వినికిడి పరీక్ష చేయించుకోండి. గన్ను చేతికి తీసుకున్నప్పుడల్లా చెవులకు మఫ్ పెట్టుకోండి, మీ పక్కనున్న కుర్రాడికి కూడా పెట్టించండి. వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతుంటే అది గన్ను వణుకు చేసిన పని, దాన్నీ డాక్టరుకు చెప్పండి.

పొగను అలవాటైపోయిందని వదిలేయొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ ఇంజన్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది. షెడ్డు లోపల ఇంజన్ నడపాల్సి వస్తే సైలెన్సర్‌కు హోసు తగిలించి పొగ బయటికి పంపాలి. కాలిన ఆయిల్ చర్మం మీద ఉండనివ్వకండి, నైట్రైల్ తొడుగులు వేసుకోండి, చేతులు పెట్రోలుతో, డీజిల్‌తో కడగడం మానెయ్యండి. బ్రేకు దుమ్మును గాలితో ఊదకండి, తడిపి తుడవండి.

ఒక్క క్షణంలో ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి. స్ప్రింగ్ బ్రేకు చాంబర్ (పార్కింగ్ బ్రేకు పట్టించే బలమైన స్ప్రింగు ఉండే డబ్బా) వెనక భాగం క్లాంపును ఎప్పుడూ విప్పకండి. లోపలి స్ప్రింగును కేజింగ్ బోల్టుతో బిగించి, చాంబర్‌ను మొత్తంగా మార్చండి. టిప్పర్ బాడీ కిందికి, ఎత్తిన క్యాబిన్ కిందికి సపోర్టు కడ్డీ పెట్టకుండా తల కూడా దూర్చకండి, హైడ్రాలిక్ హోసు పగలడానికి ముందు చెప్పదు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండ్లు, చక్రాలకు అడ్డు దిమ్మలు. లాక్ రింగు చక్రం (టైరును విడి ఇనుప రింగు పట్టి ఉంచేది) అయితే నట్లు విప్పకముందే వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. జంట చక్రాలైతే రెండిటిదీ. గాలి కొట్టడం బోనులో పెట్టే చేయాలి. బిగించిన చక్రం నట్లను 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూడాలి. పెయింటు మందంగా ఉన్న చోట అవి వదులయ్యే అవకాశం ఎక్కువ.

నిలబడగలరా అని అడిగారు. ఐదేళ్ల చేతి అనుభవం మీకుంది. సామాను మార్చడం ఎవరైనా నేర్చుకుంటారు. లోడు బండి పక్క సీట్లో గేజ్ పట్టుకుని కూర్చునే మెకానిక్ కోసం బండ్లవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, అతనికి వయసు మీద పడ్డా పని ఉంటుంది. ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పాలంటే మాటలకంటే ముందు ఆ మఫ్, ఆ స్టాండ్లు, ఆ ట్రాలీ కనిపించనివ్వండి. అవి కొనడానికీ, వాడటానికీ ఒప్పుకోని షెడ్డు అయితే పని మానక్కర్లేదు, షెడ్డు మారండి.

పెద్ద స్కానర్ ఇప్పుడే వద్దు. అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ చూపించే స్కానర్ మీ దగ్గరున్నది చాలు, లేదంటే ఒక్కరోజుకు అద్దెకు తెచ్చుకోండి. ముందు కొనాల్సినవి వ్యాక్యూమ్ గేజ్, 0 నుంచి 10 బార్ ప్రెషర్ గేజ్, పారదర్శక గొట్టం, మంచి మల్టీమీటర్, ఇంటర్‌కూలర్ పరీక్ష మూతలు, రెండు టార్క్ పానాలు. వాటిలో ఒకటి చిన్న బోల్టులకు, ఒకటి చక్రాల నట్లకు సరిపోయే 600 న్యూటన్ మీటర్లు దాటేది. వాడిన ప్రతిసారీ టార్క్ పానాను దాని అడుగు గీత దాకా వదులు చేసి పెట్టెలో పెట్టండి, బోల్టులు విప్పడానికి దాన్ని వాడకండి. మీ బండి ఇంజన్ వర్క్‌షాప్ మాన్యువల్ కూడా ఈ లిస్టులోనే రాసుకోండి. ఇవన్నీ చేతికొచ్చాక ఆ బండిని లోడుతోనే రమ్మనండి, ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టండి.